ఆరో తెప్ప మీద ఆకలి

మూడో రోజు

నూకరత్నం పోయి ఇవాళ్టికి మూడో రోజు. మొక్కలకు ఎప్పుడు నీళ్లు పెట్టిందీ, ఎప్పుడు పువ్వు కోసిందీ రాసుకోమని మందులగదివాళ్లు ఇచ్చిన పుస్తకం ఇది. మొక్కల సంగతి ఇంకెక్కడైనా రాసుకుంటాను.

నా పేరు మేరుగు కాశులమ్మ. సముద్రం మీద తేలే మా ఊరు ఈ ఆరో తెప్ప. ఇక్కడ మందులగదిని ఆనుకున్న గాజుగదిలో గంజాయి పెంచుతాను. ఇరవైనాలుగు మొక్కలు. వాటి పువ్వు నుంచి తీసిన ఆవిరినీ, నూనెనీ నొప్పులు తట్టుకోలేని రోగులకు ఇస్తారు. నూకరత్నం నా చెల్లెలు. నాచు ఆరబెట్టే హాల్లో పనిచేసేది. బుధవారం పొద్దున్న పనిబల్ల మీద తల వాల్చింది. పక్క బల్ల వెంకాయమ్మ కునుకు తీస్తోందనుకుని గంటసేపు లేపలేదట. నాకు కబురొచ్చి వెళ్లేసరికే చల్లబడిపోయింది.

నేనొక్కదాన్నే చేతుల మీద ఎత్తుకున్నాను. సాయం అక్కర్లేకపోయింది. తడి నాచు గంప ఎత్తడానికైనా ఇద్దరు కావాలి. నాకేం తోచిందో, తీసుకెళ్లి నాచు తూచే కాటా మీద పడుకోబెట్టాను. ముప్ఫై ఒక్క కిలోలు. ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషి.

ఆహారాధికారి డాక్టర్ పరాంకుశం గారు వచ్చి నా తల మీద చెయ్యి వేశారు. "బాధపడకమ్మా. ఆవిడకి నొప్పి తెలియలేదు. ఆకలి కూడా తెలియలేదు," అన్నారు. ఓదార్చడానికే అన్నారు. ఆయన నోట్లోంచి నెయ్యి వాసన వచ్చింది.

కాగితం మీద గుండె ఆగిందని రాశారు. సాయంత్రం చెల్లిని సముద్రానికి ఇచ్చాం.

ఆయన్ని ఏం చేస్తానో ఇంకా తెలియదు. ఊరికే మాత్రం వదలను. ఆ మాట మర్చిపోకుండా ఉండటానికే ఇది రాస్తున్నాను.

ఆరో రోజు

సోమవారం. వేలిముద్రల వరసలో నిలబడ్డాను. ఆరువందల పన్నెండు మందిమి ప్రతి సోమవారం ఒక పలక మీద బొటనవేలు నొక్కాలి. పలక మీద ఒకటే వాక్యం: 'నాకు ఆకలి లేదు.' నొక్కితేనే ఆ వారం తిండి చీటీ వస్తుంది. అబద్ధం కాదు. నిజంగానే ఎవరికీ లేదు.

మా అందరి ఎడమ జబ్బ కింద చర్మంలో ఒక బిళ్ల ఉంది. ఆరేళ్ల కిందట వరస తుపానుల్లో బియ్యం పడవలు రాక పిల్లలు రాత్రంతా ఏడుస్తుంటే పరాంకుశం గారు మీటింగు పెట్టి అడిగారు. పెద్దవాళ్లు మూడు నెలలు పెట్టుకోండి, ఉన్న గింజలు పిల్లలకు సరిపోతాయి, మీకు ఆకలి బాధ ఉండదు అన్నారు. పన్నెండేళ్లు దాటిన వాళ్లమంతా చేతులెత్తాం. నేనూ ఎత్తాను. నూకరత్నం చెయ్యి నేనే పట్టుకుని ఎత్తించాను.

నాలుగో నెలలో పడవలు వచ్చాయి. బిళ్లలు తీయలేదు. తిండి కొలత మాత్రం ఏటా కొంచెం కొంచెం తగ్గింది. అడిగినవాళ్లు లేరు. ఆకలి లేనివాళ్లు ఏమని అడుగుతారు? మిగిలిన బియ్యం ఒడ్డుకు తిరిగి వెళ్లేవి, దాంతో మాది నమూనా తెప్ప అని పేరొచ్చింది. బిళ్ల సొంతంగా పీకితే ఆయన గదిలో గంట మోగుతుంది, మర్నాడు మనిషిని ఒడ్డు శిబిరానికి పంపేస్తారు. పంపినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

ఆయన జబ్బకి బిళ్ల లేదు. అందరికీ తెలుసు. డాక్టరు కదా, కొలతలు చూడాలి కదా అనుకున్నాం.

పదకొండో రోజు

పెద్దకర్మ. పోయినవాళ్లకి ఇష్టమైంది వండి పెట్టాలి. తెప్ప మీద కాకులుండవు, నీటిపిట్టలే వచ్చి తింటాయి.

ఏం వండాలో నాకు తెలియలేదు. తనకేది ఇష్టమో గుర్తు రాలేదు. వెంకాయమ్మని అడిగాను. తనకీ తెలియదంది. తను ఏళ్ల తరబడి చెల్లి పక్కన కూర్చుని తిన్న మనిషి. చుట్టుపక్కల నలుగుర్నీ అడిగాను. అందరూ నా మొహం చూసి నేల చూశారు. వాళ్లవాళ్ల ఇష్టాలు కూడా వాళ్లకి గుర్తు లేవని అప్పుడర్థమైంది. ఆకలి పోతే ఇష్టం కూడా దాంతోపాటే పోతుందని మాకెవరూ చెప్పలేదు.

చివరికి చీటీ మీద ఇచ్చే అన్నమూ నాచుపిండి కూరే పెట్టాను. పిట్టలు ఒకదాన్నొకటి పొడుచుకుని మరీ తిన్నాయి.

నా తోడబుట్టినదానికి ఏది ఇష్టమో నాకు తెలియకుండా చేశాడు పరాంకుశం. గారు అని రాయడం ఇక నావల్ల కాదు.

పదమూడో రోజు

మందులగదిలో దేముడు తాత ఉన్నాడు. పేగుల్లో పుండు, ఇక తగ్గేది కాదు. ఇన్నాళ్లూ గంజాయి ఎవరికైనా రాత్రి పడుకునే ముందే ఇచ్చేవాళ్లం, పీల్చి నిద్రపోయేవాళ్లు. ఇవాళ నొప్పి ఆగక మొదటిసారి మధ్యాహ్నమే ఆవిరి పట్టించాం. మందులు ఇచ్చే మస్తాన్‌బీ గొట్టం పట్టుకుంటే నేను ముసుగు సర్దాను. నాలుగు గుక్కలు పీల్చి కళ్లు మూసుకున్నాడు.

అరగంటకి కళ్లు తెరిచి, "అమ్మా, ఇంకాస్త అన్నం ఉంటదేటి?" అన్నాడు.

మస్తాన్‌బీ చేతిలోంచి గిన్నె జారిపోయింది. ఆరేళ్లలో ఈ తెప్ప మీద ఆ మాట అన్న పెద్దవాళ్లు లేరు. తాత జబ్బకీ బిళ్ల ఉంది. తడిమి చూశాను. పనిచేస్తున్నట్టు పచ్చదీపం చర్మం కింద మినుకుమంటోంది.

పద్నాలుగో రోజు

మస్తాన్‌బీని అడిగాను. నాకన్నా పదేళ్లు పెద్దది, చదువుకున్న మనిషి. ముందు చెప్పనంది. తలుపేసి, రోట్లో మందు నూరుతూ నూరుతూ చెప్పింది.

తిండి వేళ దగ్గరపడితే కడుపు ఒక కబురు పంపుతుందట. దాని పేరు ఘ్రెలిన్. అది రక్తంలో కలిసి తలలోకెళ్లి, అక్కడున్న ఆకలి తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుంటేనే మనకి ఆకలేసినట్టు. బిళ్ల చేసే పనల్లా ఆ కబురుని దారిలో పట్టేసుకోవడం. గంజాయి రెండు పనులు చేస్తుంది. కడుపుని ఎగదోసి, బిళ్ల పట్టగలిగిన దానికంటే ఎక్కువ కబురు పంపిస్తుంది. మరోవైపు తనే తలలోకెళ్లి, ఆ తలుపుని లోపల్నుంచి లాగుతుంది. వాసనకీ రుచికీ పదును పెడుతుంది. మహా అయితే రెండు గంటలు ఉంటుంది, ఆ తర్వాత బిళ్లదే పైచెయ్యి.

ఆరేళ్లుగా నేను నీళ్లు పోస్తున్న మొక్కలు. మా చెల్లి రోజూ ఆ గాజుగోడ పక్కనుంచే పనికి వెళ్లేది.

పదహారో రోజు

మధ్యాహ్నం తిండికి గంట ముందు గాజుగదిలో కూర్చుని రెండు గుక్కలు పీల్చాను. తల తేలికైంది. నోరు ఎండిపోయింది. ఇంతేనా అనుకున్నాను.

కాసేపటికి డొక్కల కింద ఏదో కదిలింది. బుట్టలో వేసిన చేప తిరగబడ్డట్టు కదిలింది. భయం వేసింది. ఏదో రోగం అనుకున్నాను. పేరు గుర్తు రావడానికి చాలాసేపు పట్టింది.

అన్నం ఐదు ముద్దల్లో అయిపోయింది. కంచం నాకాను. ఆకలి తీరలేదు. ముక్కుకి ఎక్కడెక్కడి వాసనలో తగిలాయి. వాటిలోంచే గుర్తొచ్చింది. ఎండు రొయ్యపొట్టు, పచ్చిమామిడికాయ. చట్టి అడుగున మాడి అంటుకున్న ముక్క కోసం నూకరత్నం నాతో జుట్టు పట్టుకుని కొట్లాడేది. ఒకసారి చట్టి పగలగొట్టింది కూడా.

తువాలు కొస నోట్లో కుక్కుకుని ఏడ్చాను. కొస నమిలేశానని తర్వాత చూసుకున్నాను. రెండు గంటలు నా కడుపు అరిచింది. నూకరత్నం ఒళ్లు ఆరేళ్లు అరిచి ఉంటుంది. ఆ అరుపు దాని చెవిన పడనివ్వలేదు.

ఇరవయ్యో రోజు

పదిహేను రోజుల్లోపు ఒడ్డు నుంచి తనిఖీవాళ్లు వస్తున్నారని చావడిలో చాటారు. మా తెప్పని చూసి, మిగతా ఎనిమిది తెప్పల మీదా బిళ్ల పెడతారట. పైగా ఇకమీదట పన్నెండేళ్లు కాదు, ఐదేళ్ల నుంచే.

నాకు దారి దొరికింది. భోజనాల చావడికి గాలి వచ్చే గొట్టం గాజుగది పక్కనుంచే పోతుంది. తనిఖీ రోజున అందులోకి ఆవిరి వదిలితే చాలు. ఆరువందల మంది ఒక్కసారి లేచి వంటగది మీద పడతారు. ఆ పరాంకుశం ఆ తొక్కిడిలో ఉంటాడు. అంతవరకే ఆలోచించాను. ఆ తర్వాత ఏమైనా నాకు ఇష్టమే.

ఆవిరి సీసాల తాళం మస్తాన్‌బీ దగ్గరుంది. అడిగాను. ఆమె నూరడం ఆపలేదు.

"కాశులూ, ఆడు అబద్ధమే ఆడాడు, మూడు నెలలన్నాడు. కానీ మనల్ని అడిగాడు. నువ్వు అడగనైనా అడగవా?"

నాకు కోపం వచ్చింది. తలుపు లాగి వచ్చేశాను.

ఇరవై నాలుగో రోజు

మస్తాన్‌బీతో రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి ఆమె చెప్పిందే చేస్తున్నాను. ఒక్కొక్కళ్లనీ అడుగుతున్నాను. మోకాళ్ల నొప్పికి మందు అనే వంకతో గాజుగదికి పిలిచి, అసలు సంగతి చెప్పి, కావాలంటేనే రెండు గుక్కలు.

వెంకాయమ్మ మొదట కాదంది. "ఆకలి తెచ్చుకుని ఏం తింటాం అక్కా? ఉన్నది అంతే కదా," అంది. నిజమే. అయితే ఆమె కూతురికి వచ్చే నెల ఐదేళ్లు నిండుతాయి. ఆ సంగతి నేను ఎత్తలేదు, తనే మర్నాడు వచ్చింది. పీల్చాక అరగంట నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. లేచి, నూకరత్నం ఆరోజు నిద్రపోతోందనుకున్నందుకు క్షమించమంది. నువ్వు కాదు క్షమించమని అడగాల్సింది అన్నాను.

ఇప్పటికి పంతొమ్మిది మంది.

ఇరవై తొమ్మిదో రోజు

నలభై నాలుగు మంది. కానీ ఇది నా చేతిలో ఉండేట్టు లేదు. ఒకసారి ఆకలి రుచి తెలిసినవాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నారు. పద్నాలుగో గదిలో మొగుడూ పెళ్లాం ఒక గరిటె కూర కోసం కొట్టుకున్నారు. ఒకాయన పచ్చి నాచు బుక్కి వాంతులు చేసుకున్నాడు. వంటగదిలో నాచుపిండి డబ్బా ఒకటి కనబడకుండా పోయింది.

పరాంకుశం నన్ను పిలిపించాడు. వెళ్లేసరికి పెసరట్టు తింటున్నాడు, అల్లం పచ్చడితో. నన్ను కూర్చోమన్నాడు. చెల్లి పోయిన బాధలో ఉన్నానని తనకు తెలుసన్నాడు. పువ్వు ఈ నెల ఎక్కువ ఖర్చయినట్టుంది ఎందుకని అడిగాడు. చలికి మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయన్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ అట్టు మొత్తం తిన్నాడు, తుంచిన ముక్కతో కంచం అంచున పచ్చడి తుడిచి మరీ తిన్నాడు. పొద్దున్నే నేను పీల్చి ఉన్నాను. ఆ గదిలో కూర్చోవడం ఎంత కష్టమైందో రాయలేను. నా గోళ్లు నా అరచేతుల్లో దిగాయి.

చివర్లో తువాలుతో మూతి తుడుచుకుని, సగం మొక్కలు పీకేయమన్నాడు. తనిఖీవాళ్ల ముందు అన్ని ఎందుకని. పన్నెండు మొక్కలు నా చేత్తోనే పీకాను. ఆయన మనిషి పక్కన నిలబడి లెక్కపెట్టాడు. పూత మీద ఉన్న మొక్కలు.

ముప్ఫై నాలుగో రోజు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

తనిఖీవాళ్లు ముగ్గురు, చిన్న విమానంలో వచ్చి నీళ్ల మీద దిగారు. పెద్దావిడ పేరు ఇందుమతి. నెరిసిన జుట్టు, ఎవరేం చెప్పినా రాసుకునే మనిషి. మధ్యాహ్నం భోజనాల వేళకి పరాంకుశం వాళ్లని చావడికి తీసుకొచ్చాడు. అంతకు అరగంట ముందే అరవై ఒక్కమంది గాజుగదిలో పీల్చి వెళ్లారు. ఉన్న పువ్వంతా అయిపోయింది. నూనె రెండు సీసాలు మాత్రం మిగిలాయి.

అందరూ మామూలుగానే తిన్నారు. పరాంకుశం లేచి మాట్లాడాడు. ఈ తెప్ప మీద ఆరేళ్లుగా రెండోసారి అన్నం అడిగిన పెద్దవాళ్లు లేరని, ఆకలిని జయించిన మొదటి ఊరు ఇదేనని అన్నాడు. చప్పట్ల కోసం ఆగాడు.

వెంకాయమ్మ లేచింది. ఖాళీ కంచం పట్టుకుని వడ్డించే బల్ల దాకా నడిచింది. కంచం ముందుకు చాపింది.

"ఇంకో ముద్ద పెట్టండి బాబూ. ఆకలేస్తంది."

తర్వాత పద్నాలుగో గది మొగుడూ పెళ్లాం లేచారు. తర్వాత ఇంకొకరు. అరవై ఒక్కమంది వరస కట్టి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు, ఎవరూ తోసుకోలేదు. పీల్చనివాళ్లు కూడా కొందరు లేచి ఆ వరస వెనక నిలబడ్డారు. వాళ్లకి ఆకలి లేదు. ఊరికే నిలబడ్డారు.

పరాంకుశం మత్తుమందు అన్నాడు, కుట్ర అన్నాడు, నా పేరు చెప్పాడు. ఇందుమతి నన్ను పిలిచి నిజమేనా అని అడిగింది. నిజమే, గంజాయి ఇచ్చాను, అడిగి ఇచ్చాను అన్నాను. లేని ఆకలిని గంజాయి తేలేదండీ, ఉన్నదాన్ని వినిపించింది, నమ్మకపోతే తూచండి అన్నాను.

నాచు కాటా చావడిలోకి తెప్పించింది. అందర్నీ తూచడానికి చీకటి పడేదాకా పట్టింది. ఒడ్డుకు వెళ్లిన నివేదికల్లో మా బరువులున్నాయి, కానీ నాలుగేళ్ల కిందటివే ఏటా తిరగరాసి పంపాడు. నలభై కిలోలు దాటని పెద్దవాళ్లు రెండువందల ముప్ఫై మంది. ఇందుమతి రాస్తూ రాస్తూ మధ్యలో కలం పెట్టేసి కాసేపు బయటికి వెళ్లొచ్చింది.

ఆ తర్వాత బిళ్లలన్నీ ఆపించింది. ఆరువందల జబ్బల మీద పచ్చదీపాలు ఒక్కసారి ఆరిపోయాయి.

ముప్ఫై ఆరో రోజు

తనిఖీవాళ్లు వెళ్లిపోయారు. విమానంలో ముగ్గురికే చోటు. విచారణకు పరాంకుశాన్ని తర్వాతి బియ్యం పడవలో పంపమని రాసిచ్చారు. అయితే ఈశాన్యం గాలులు మొదలయ్యాయి. నెలదాకా పడవ రాదంటున్నారు.

ఇప్పుడు ఆరువందల మందికీ ఆకలి. కొట్లో బియ్యం పాత కొలతకి సరిపడా మాత్రమే ఉన్నాయి. మందు కొలిచే చెయ్యి తప్పు తూచదని, వంటగది కాటా నాకు అప్పగించారు. అందరికీ ఒకే కొలత. పరాంకుశానికీ అదే. కొట్టు తాళాలు తీసేసుకున్నారు, ఆయన గదిలో నెయ్యి డబ్బా పిల్లల కూరలోకి పోయింది.

వరసలో ఆయన కంచం నా ముందుకి వచ్చింది. తూచి పెట్టాను. ఒక గింజ ఎక్కువ లేదు, ఒక గింజ తక్కువ లేదు. ఆయన కంచంలోకి చూసి, నా వైపు చూసి, వెళ్లాడు.

ఇంతేనా అనిపించింది. అందరికీ ఉన్న ఆకలే ఆయనకీ ఉంటే అది శిక్ష ఎలా అవుతుంది?

ముప్ఫై తొమ్మిదో రోజు

పొద్దున్న గంజిలో రెండు చుక్కలు గంజాయి నూనె వేశాను. ఆయన గిన్నెలో మాత్రమే. అదనంగా ఉప్పూ, నిమ్మాకూ వేశాను, వాసన తెలియకుండా. మస్తాన్‌బీకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నలభై రెండో రోజు

పనిచేస్తోంది. మధ్యాహ్నం వరసలో అందరికంటే ముందు ఆయనే నిలబడుతున్నాడు. కంచం ఖాళీ అయ్యాక వేళ్లు ఒక్కొక్కటీ నాకుతాడు. ఇవాళ వెంకాయమ్మ కూతురి కంచంలోంచి నాలుగు మెతుకులు కింద పడితే, చుట్టూ చూసి, వంగి ఏరుకున్నాడు. చూసినవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. లోపల నాకు కలిగిన సుఖం మాత్రం చాలా పెద్దది. ఈ నలభై రోజుల్లో మొదటిసారి హాయిగా నిద్రపోయాను.

నలభై నాలుగో రోజు

మూడు చుక్కలు.

నలభై ఆరో రోజు

పచ్చి నాచు తింటూ దొరికాడు. ఆరబెట్టే హాల్లో, నూకరత్నం బల్ల దగ్గర. ఎవరో నా దగ్గరికి తీసుకొచ్చారు, ఏం చేయమంటారని. వదిలేయండి అన్నాను. ఆయన ముఖం పీక్కుపోయింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు మస్తాన్‌బీ కూడా చూసింది. నా వైపు తిరిగి చూసింది. మందులగదికి వెళ్లి నూనె సీసాల అర ముందు కూర్చుంది. అక్కడ ఒక్క సీసాయే ఉంది.

నలభై ఏడో రోజు

నాలుగు చుక్కలు వేశాను. ఇది తొమ్మిదో రోజు.

గిన్నె అందుకుని ఆయన వెళ్లలేదు. వరసంతా అయిపోయేదాకా పక్కన నిలబడి, తాగుతూనే నా ముందుకి వచ్చాడు. చావడిలో మేమిద్దరం, గిన్నెలు కడుగుతున్న మస్తాన్‌బీ, అంతే.

"ఇందులో ఏం కలుపుతున్నావో నాకు మూడో రోజే తెలిసింది," అన్నాడు. "పదేళ్లు నేనే రాసిచ్చిన మందు. నిమ్మాకు వేస్తే పోయే వాసన కాదమ్మా అది."

"తెలిస్తే ఎందుకు తాగారు?" అన్నాను.

ఆయన గిన్నె అడుగు వేలితో తుడిచి నాకాడు.

"ఆకలేసింది," అన్నాడు.

ఆ గిన్నె పారబోస్తే ఇంకొకటి రాదు. తాగితే ఆకలి ఇంకా పెరుగుతుందని తెలుసు. తెలిసీ తొమ్మిది రోజులు తాగాడు. ఆయన ఏడవలేదు, క్షమించమనీ అనలేదు. గిన్నె చాపాడు. "కొంచెం పెట్టు కాశులమ్మా," అన్నాడు.

ఈ మాట కోసమే కదా నేను బతికింది. ఆ మాట విన్నాక ఏం చేయాలో మాత్రం నేను ఆలోచించుకోలేదు. నూకరత్నం ఈ మాట ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నాతో అని ఉంటే నా కంచం మొత్తం దానికి ఇచ్చేసేదాన్ని. దాన్ని అననివ్వలేదు. ఇదే ఆయనతో అన్నాను. గట్టిగా అరిచి చెప్పాలనుకున్నాను, గుసగుసలా వచ్చింది.

నా వంతు గంజి ఇంకా తాగలేదు. అది ఆయన గిన్నెలో పోశాను. నిలబడే తాగేశాడు.

"మిమ్మల్ని క్షమించలేదు," అన్నాను.

"తెలుసు," అన్నాడు.

ఆయన వెళ్లాక మస్తాన్‌బీ తడి చేతులు తుడుచుకుని నా దగ్గరున్న నూనె సీసా అడిగింది. కొంగు ముడి విప్పి ఇచ్చాను. తిట్టలేదు. నాకు తన గంజిలో సగం పోసింది. తాగాను. నాకూ ఆకలిగానే ఉంది.

డెబ్బై ఒకటో రోజు

నిన్న పడవ వచ్చింది. బియ్యం, పప్పు, ఎండుచేపలు. వాటితోపాటు ఇందుమతి గారు.

విచారణకి ఏమైనా ఆధారాలున్నాయా అని అడిగితే ఈ పుస్తకం ఇచ్చాను. చావడిలో కూర్చుని పొద్దున్నుంచీ చదివింది. ముప్ఫై తొమ్మిదో రోజు దగ్గరికి వచ్చాక తల ఎత్తి నన్ను పిలిచింది. ఈ చివరి పేజీలు కేసుకి అక్కర్లేదు, కావాలంటే చింపేసి ఇవ్వండి, నేను చూడలేదనుకుంటాను అంది. మంచి మనసుతోనే అంది.

"చింపనండి. ఆయన బరువులు తిరగరాసినట్టు నేనూ రాయలేను," అన్నాను.

ఆమె రాసుకుంది. దాని ఫలితం సాయంత్రానికే తెలిసింది. మందులూ, వంటగదీ, గాజుగదీ ఏవీ నేను ఇక ముట్టుకోకూడదు. పన్నెండు మొక్కలూ మస్తాన్‌బీ చూసుకుంటుంది. నన్ను ఆరబెట్టే హాలుకి వేశారు. విచారణకి పిలిచినప్పుడు ఒడ్డుకు వెళ్లి రెండు సంగతులూ చెప్పాలి, ఆయన చేసిందీ, నేను చేసిందీ. చెబుతాను.

పరాంకుశం పడవెక్కుతుంటే తెప్ప అంచున అందరం నిలబడ్డాం. ఎవరూ తిట్టలేదు. ఆయన నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. పడవ కనుమరుగయ్యేదాకా చూశాను. నా కోపం ఎక్కడికీ పోలేదు. చల్లారుతుందని మస్తాన్‌బీ అంటుంది. చల్లారకపోయినా ఫర్వాలేదు, దాన్ని ఎవరి గిన్నెలోనూ ఇక పోయను.

ఈ నాలుగు మాటలూ రాసుకుంటానని పుస్తకం అడిగి తీసుకున్నాను. ఇంక ఇచ్చేస్తాను. భోజనాల గంట కొట్టారు. వెళ్లి వరస చివర నిలబడి ఈ ముక్క రాస్తున్నాను. వంటగదిలోంచి ఎండుచేపల పులుసు వాసన వస్తోంది. ముందు వంద మంది ఉంటారు, పిల్లలు కంచాలు వాయిస్తున్నారు, త్వరగా కదలండని నా వెనక వచ్చి చేరినవాళ్లు విసుక్కుంటున్నారు. అందరికీ ఆకలిగా ఉంది.